తలుపు తీయకపోతే ఏం చేయాలో రాయలేదు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టరు గారికి, తీరిక చేసుకుని ముఖ్య అతిథిగా వచ్చిన ఇంటిసేవ సంస్థ పెద్దాఫీసరు గారికి, నాకంటే ముందు రిటైరై నాకంటే నిగనిగలాడుతున్న పాత మిత్రులకు, మొదటి వరుసలో అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆయనకు, ఆ గడియారం కనబడకుండా ఆయన చేతిమీద చెయ్యి వేసి కూర్చున్న మా కోడలికి, కుర్చీలు చాలక గోడకు జారబడి నిలుచున్న ప్రోగ్రామర్లకు, అందరికీ నమస్కారం.

నా గురించి ఇప్పటిదాకా మాట్లాడిన వాళ్ళందరూ చాలా మంచి మాటలు చెప్పారు. వింటూ ఉంటే, ఎవరో ఇంకొకావిడ రిటైరవుతున్నట్టుంది, పాపం ఆవిడ చాలా శాంతస్వభావురాలిలా ఉంది అనిపించింది. (నవ్వులు) అకౌంట్సు ఆయన నన్ను "మృదుభాషిణి" అన్నారు. అయ్యా, మీ బిల్లుల విభాగం పత్రం నేను ఎన్నిసార్లు తిప్పి పంపానో, అప్పుడు మీరు కారిడార్‌లో ఏమన్నారో నాకు చేరింది. మీరన్న మాటలో మృదుత్వం లేదు, నేను విన్న మాటలోనూ లేదు. (నవ్వులు) నన్ను వెనకాల "కాదు మామ్మ" అంటారని కూడా తెలుసు. ఫరవాలేదు. మనవలు పుట్టాక "మామ్మ" అన్న పిలుపు ఎక్కడ వినబడినా మనసు కరుగుతుంది, దాని ముందు ఏముందో పట్టించుకోను.

నా ఉద్యోగం ఏమిటో మా ఆయనకు ఇప్పటికీ అర్థం కాలేదు. బంధువులు అడిగితే "కంప్యూటర్ ఆఫీసులో తప్పులు పడుతుంది" అని చెబుతారు. నలుగురు వచ్చిన సభ కాబట్టి ఒక్కసారి వివరంగా చెప్పి పోతాను. ఒక సంస్థకు సాఫ్ట్‌వేర్ కావాలి. వాళ్ళు వచ్చి మాకు ఇది కావాలి, అది కావాలి అంటారు. మావాళ్ళు రాసుకుంటారు. ప్రోగ్రామర్లు తయారు చేయడానికి ముందు ఆ రాసుకున్నది నా బల్ల మీదికి వస్తుంది. అందులో ఉన్నది వాళ్ళు నిజంగా అడిగిందేనా, వాళ్ళు అడగడం మరచిపోయింది ఏమైనా ఉందా, ఈ రెండే నేను చూడాలి. మొదటిది చూడటానికి కళ్ళుంటే చాలు. రెండోది లేనిదాన్ని చూడటం. దానికి కొంచెం అనుమానపు బుద్ధి, కొంచెం అత్తగారి బుద్ధి కావాలి. మా కోడలు తల ఊపుతోంది, చూడండి. (నవ్వులు)

ఈ బుద్ధి ఇంట్లో కూడా వదలదు. మనవడు పుట్టిన కొత్తల్లో మా అబ్బాయి "అమ్మా, మేం బజారుకు వెళ్ళొస్తాం, వాడు లేస్తే పాలు పట్టు" అన్నాడు. లేవకపోతే అన్నాను. లేపకు అన్నాడు. సగం తాగి పడుకుంటే అన్నాను. మిగిలినవి పారబొయ్యి అన్నాడు. పారబోశాక లేస్తే అన్నాను. "అమ్మా, వాడు నీ మనవడు, ప్రాజెక్టు కాదు" అని చెప్పులు వేసుకున్నాడు. చివరికి ఆ వేళ వాడు లేచాడు, సగం తాగాడు, పడుకున్నాడు, పారబోశాక మళ్ళీ లేచాడు. ఇంట్లో ఇంక చుక్క పాలు లేవు. నేను వాణ్ణి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంటే మా అబ్బాయి మెట్లెక్కుతూ నా మొహం చూసి, అటునుంచటే వెనక్కి తిరిగి పాల దుకాణానికి పోయాడు. (నవ్వులు)

సరే, నవ్వించింది చాలు. ఈ సభలో నేను చెప్పదలుచుకున్నది నవ్వే సంగతి కాదు, దాన్ని ఎంత దూరం జరిపితే అంత మంచిదని ఇంతసేపూ జరుపుకుంటూ వచ్చాను.

మన ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఉండేది అనాలేమో. కొత్తవాళ్ళకు తెలియదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. నేను ఇక్కడికి రాకముందు బడిలో భాష చెప్పేదాన్ని. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వివరించే పుస్తకాలు రాయడానికి మనిషి కావాలంటే వచ్చి చేరాను. అప్పట్లో మన పాత యజమాని గారు ఒక బడికి హాజరు సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చారు. బడికి రాని పిల్లల తల్లిదండ్రులకు వెంటనే సందేశం వెళ్ళాలని హెడ్మాస్టరు గారు అడిగారు. అక్షరం పొల్లుపోకుండా అదే చేసి ఇచ్చారు. సోమవారం నుంచి శనివారం దాకా అందరూ మెచ్చుకున్నారు. ఆదివారం పొద్దున్నే, బడి లేని రోజున, ఊళ్ళో ప్రతి ఇంటికీ సందేశం వెళ్ళింది, "మీ అమ్మాయి ఈ రోజు బడికి రాలేదు" అని, "మీ అబ్బాయి ఈ రోజు బడికి రాలేదు" అని. (నవ్వులు) నవ్వండి, మేమూ నవ్వాం. కానీ సెలవని స్నేహితురాలి ఇంటికి వెళ్ళిన ఒక పిల్ల తాతగారు, ఆ సందేశం చదివి, ఆదివారమన్న ధ్యాస లేక, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తుకుని వచ్చి, తాళం వేసిన బడి గేటు పట్టుకుని మనవరాలి పేరు పెట్టి పిలుస్తూ నిలబడ్డారట. వాచ్‌మన్ వచ్చి చెప్పేదాకా అలాగే పిలుస్తూనే ఉన్నారట. అది విన్నాక మాలో ఎవరూ నవ్వలేదు.

(విరామం)

పాత యజమాని గారు నన్ను పిలిచి, "టీచరమ్మా, తరగతిలో పిల్లవాడికి పాఠం అర్థమైందో లేదో మీరెలా కనుక్కుంటారు?" అని అడిగారు. అప్పజెప్పమంటానండీ అన్నాను. బట్టీ పట్టి అప్పజెబితేనో అన్నారు. పుస్తకం మూయించి సొంత మాటల్లో చెప్పమంటానన్నాను. అక్కడ పుట్టింది మన "అప్పజెప్పే సభ". సాఫ్ట్‌వేర్ అడిగిన సంస్థవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళు ఏం అడిగారో మనం కాగితం చూడకుండా, మామూలు మాటల్లో వాళ్ళకే అప్పజెప్పాలి. వాళ్ళు విని అవునో కాదో చెప్పాలి.

బాగానే ఉంది కానీ, జనం వినరు. తల ఊపుతారు. ఫోను చూసుకుంటూ ఊపుతారు, ఆవలించి ఊపుతారు, మధ్యాహ్నం భోజనం తరవాత పెట్టిన సభల్లో అయితే నిద్రలో కూడా ఊపుతారు. అందుకని నేనొక కిటుకు పెట్టాను. అప్పజెప్పే మాటల్లో కావాలని ఒక తప్పు కలుపుతాం. అవతలివాళ్ళు "ఆగండాగండి, అది కాదు" అనాలి. అంటే వింటున్నారన్నమాట, సభ చెల్లుతుంది. అనకపోతే చెల్లదు, ఇంకో రోజు మళ్ళీ మొదటినుంచీ. ఒక గ్రంథాలయం ఆఫీసరు గారికి అప్పజెబుతూ, "గడువు దాటినా పుస్తకం ఇవ్వని సభ్యుడి ఇంటికి వెళ్ళి అతని కుక్కను తీసుకురావాలి" అన్నాను. ఆయన గంభీరంగా తల ఊపి, "అవునండీ, అది మాత్రం తప్పకుండా ఉండాలి" అన్నారు. (పెద్దగా నవ్వులు) ఆయన్ని మళ్ళీ రెండుసార్లు పిలిచాం. మూడోసారికి నా ప్రతి మాటకూ "కాదు" అనడం మొదలుపెట్టారు, నిజమైన వాటికి కూడా.

ఈ పద్ధతిని మన డైరెక్టరు గారు నా పక్కనే కూర్చుని నేర్చుకున్నారు. బాబూ, నీకు గుర్తుందో లేదో. చూశారా, సభామర్యాద మరచి నువ్వు అనేశాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మాటలు తడబడి, నువ్వు కలపాల్సిన తప్పుకు బదులు నిజంగానే తప్పు చెప్పావు, అవతలావిడ "కాదు" అంది, నువ్వు సభ చెల్లిందని సంబరపడ్డావు. (నవ్వులు) అప్పుడు నిన్ను ఎంత ముద్దుగా చూసుకున్నామో!

ఇప్పుడు ఆ పద్ధతి అక్కర్లేదంటున్నారు. సభలో కూర్చుని మాటలన్నీ విని, తనే పత్రం రాసి, అన్నీ ఉన్నాయో లేవో తనే చూసి, ఉంటే పచ్చ గుర్తు పెట్టే యంత్రం వచ్చింది. నేను దాన్ని ఆడిపోసుకోను. నాకంటే చక్కగా రాస్తుంది, అలగదు, అల్లం టీ అడగదు. మనం అప్పజెప్పే సభలు పెట్టుకునే గది మధ్యలో అడ్డుగోడ కట్టి రెండు క్యాబిన్లు చేస్తున్నారు. నిన్న సాయంత్రం వెళ్ళి చూశాను. మన పొడుగాటి బల్ల తలుపులోంచి పట్టక, వడ్రంగి దాన్ని రెండు ముక్కలు కోసి బయటపెట్టాడు. కాళ్ళు ఒక పక్క, పలక ముక్కలు ఒక పక్క. ఆ బల్ల మీద ఎంతమంది "కాదు" అన్నారో! పోనివ్వండి, బల్ల బల్లే.

నాకు బెంగ బల్ల గురించి కాదు. ఈ సభలో ఉండాల్సిన ఒకమ్మాయి లేదు. నా పక్క బల్ల అమ్మాయి. మీరంతా "బుల్లి కాదు" అని పిలిచేవారు. నేను పోయాక ఆ కుర్చీలో కూర్చోవాల్సింది ఆమే. లేనిదాన్ని చూసే కన్ను అందరికీ ఉండదు, నేర్పినా రాదు. ఆ అమ్మాయికి ఉంది. మొదటి రోజే నా మొహం మీద "మామ్మగారూ, మీరిచ్చిన ఈ నియమాల్లో సభకు అవతలివాళ్ళే రాకపోతే ఏం చేయాలో లేదండీ" అంది. నాకు ఒళ్ళు మండింది, మధ్యాహ్నానికి చల్లబడింది, సాయంత్రానికి ఆ అమ్మాయి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

గత నెలలో నా కంటికి శుక్లం తీయించుకోవడానికి సెలవు పెట్టాను. సరిగ్గా ఆ వారమే ఇంటిసేవ సంస్థవారి అప్పజెప్పే సభ వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇళ్ళకు రోజూ ఒక సహాయకురాలిని పంపి, స్నానం, మందులు, భోజనం చూసే సంస్థ అది. మంచి సంస్థ. ఇప్పటిదాకా అంతా కాగితాల మీద నడిచింది, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కావాలన్నారు. అయ్యా, పెద్దాఫీసరు గారూ, మిమ్మల్ని ముఖ్య అతిథిగా పిలిచి మీ సంగతే ఎత్తుకుంటున్నాను, నన్ను మన్నించాలి. పెద్దదాన్ని, ఇంకో సభ దొరకదు.

డైరెక్టరు గారు చిన్న చీటీ పంపారు. "టైము" అని రాశారు. నాకూ అదే బెంగ, బాబూ. అందుకే చెబుతున్నాను.

ఆ రోజు మా అమ్మాయి అప్పజెప్పింది. నియమం ప్రకారం ఒక తప్పు కలిపింది. "సహాయకురాలు వెళ్ళి తలుపు కొడితే, లోపలివాళ్ళు తీయకపోతే, ఆ రోజు సేవ అందినట్టే రాసుకోవాలి" అంది. ఎంత ఘోరమైన తప్పో చూడండి, ఎవరైనా ఉలిక్కిపడి "అదేమిటమ్మా" అనాలి. పెద్దాఫీసరు గారు తల ఊపారు. ఆయన తప్పని నేననను. ఆ రోజు ఆయన ఫోను మోగుతూనే ఉందట, వాళ్ళ సంస్థలో ఏదో తనిఖీ జరుగుతోందట. అమ్మాయి చివరిదాకా చెప్పి, "క్షమించండి సార్, ఈ సభ చెల్లదు, ఇంకో రోజు పెట్టుకుందాం" అంది. ఎందుకు చెల్లదని ఆయన అడిగారు. తప్పు కలిపానని చెప్పింది, అది ఏ వాక్యమో చెప్పేలోపే ఆయన అందుకున్నారు. "అంటే నన్ను పరీక్షిస్తున్నావా?" అన్నారు. "లేదు సార్, పత్రాన్ని పరీక్షిస్తున్నాను" అంది. నాకు ఆ జవాబు తరవాత విన్నప్పుడు వీపు తట్టాలనిపించింది, కానీ గదిలో ఉన్నవాళ్ళకు అలా అనిపించలేదు. ఆయన లేచి వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఫిర్యాదు. మర్నాటికి ఆ అమ్మాయిని మూడో అంతస్తుకు మార్చారు. అక్కడ ఆమె పని, తెరమీద మీట నీలంగా ఉంటే బాగుంటుందా, ఆకుపచ్చగా ఉంటే బాగుంటుందా అని జనాన్ని అడగడం.

(విరామం)

ఇంకో సంగతి జరిగింది, అది ఎవరూ కావాలని చేసింది కాదు. ఆ గదిలో అప్పటికే యంత్రం పెట్టారు, అది మాటలన్నీ విన్నది. అమ్మాయి చెప్పింది, పెద్దాఫీసరు గారు తల ఊపారు, "ఊఁ" అన్నారు. యంత్రానికి మన కిటుకు ఎవరూ చెప్పలేదు, అమ్మాయి కలిపానన్న తప్పు ఏదో దానికి తెలియదు. ఆ తప్పు వాక్యాన్ని ఒప్పుకున్న అవసరంగా పత్రంలోకి ఎక్కించింది. తరవాత సరిచూసింది. "తలుపు తీస్తే" అన్నదానికి జవాబు ఉంది, "తీయకపోతే" అన్నదానికి జవాబు ఉంది, ఖాళీలేమీ లేవు. పచ్చ గుర్తు పెట్టింది. నేను కన్ను కప్పుకున్న గుడ్డ తీసి, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆఫీసుకు వచ్చేసరికి మా ప్రోగ్రామర్లు అది తయారుచేసి కూర్చున్నారు. ఈ రోజుల్లో కాగితం పచ్చబడితే వారం తిరక్కుండా సాఫ్ట్‌వేర్ చేతికి వస్తుంది. సోమవారం నుంచి వాడకం మొదలు.

నేను పైవాళ్ళకు చెప్పాను. గోడకు చెప్పినట్టు కాదు, మర్యాదగానే విన్నారు. "మామ్మగారూ, ఇప్పుడు మార్చాలంటే ఆయనతో చెప్పాలి. చెబితే తను తల ఊపింది ఎలాంటి అబద్ధానికో ఆయనకు తెలుస్తుంది. చల్లారిన గొడవ మళ్ళీ రాజుకుంటుంది. రెండో విడతలో చూద్దాం" అన్నారు. రెండో విడత ఎప్పుడని అడిగాను. ఆలోచిస్తున్నామన్నారు. ఆ పత్రం మీద అందరి సంతకాలూ అయ్యాయి, నాది తప్ప. వారం రోజులుగా ఎదురుపడిన ప్రతివాళ్ళూ "మీ సంతకం ఒక్కటే" అంటున్నారు. ఇప్పుడు కూడా ఆ పత్రం నాకిచ్చిన పూలగుత్తి కింద ఉంది. పూలు పట్టుకునే చేతికి కలం అందుబాటులో ఉంటుందని ఎవరో ముందుచూపు గలవాళ్ళు పెట్టారు. (ఒకరిద్దరి నవ్వు)

ఇప్పుడు ఆఫీసులో ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. చెబితే సొంత ఇంటి గొడవ పట్టుకొచ్చిందంటారని చెప్పలేదు. మా ఆయన అక్కగారు, నాకు వదిన, ఆ సేవ అందుకునేవాళ్ళలో ఉంది. నడుస్తుంది, మాట్లాడుతుంది, తన ఇల్లు వదిలి రానంటుంది. జ్ఞాపకం మాత్రం చెదిరిపోతోంది. మూడు నెలల కిందట నేను పళ్ళు పట్టుకుని వెళ్ళేసరికి, మెట్లమీద ఉండగానే మాటలు వినబడ్డాయి. కొత్త సహాయకురాలు తలుపు బయట, వదిన లోపల.

"ఎవరూ?"

"ఇంటిసేవ నుంచి వచ్చానమ్మా, మందులివ్వాలి."

"నిన్న వచ్చిన అమ్మాయి ఏదీ?"

"ఇవాళ నన్ను పంపారమ్మా."

"అయితే నువ్వు వెళ్ళి ఆ అమ్మాయిని పంపించు. నేను తలుపు తీస్తాను."

ఆ పిల్ల బతిమాలింది, వదిన బతిమాలింది. ఇద్దరూ ఒకరినొకరు తలుపుకు అటూ ఇటూ నిలబడి బతిమాలుకున్నారు. వదిన నా గొంతు పోల్చుకుని తీసింది కానీ, తీశాక నా చెవిలో "ఆ అమ్మాయి మంచిదిలాగే ఉందే, కానీ నాకు తెలియదుగా" అంది.

నేను వెళ్ళని రోజుల్లో ఏం జరుగుతుందంటే, ఆ సహాయకురాలు కాగితం మీద "తలుపు తీయలేదు" అని రాస్తుంది. సాయంత్రం వాళ్ళ ఆఫీసు నుంచి మా ఆయనకు ఫోను వస్తుంది. ఈయన తాళం చెవి పట్టుకుని పరుగెత్తుతారు. ఈ ఫోను మాట ఆ పత్రంలో ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. సోమవారం నుంచి ఆ పిల్ల ఫోనులో మీట నొక్కుతుంది, "సేవ అందింది" అని పడుతుంది, అంతే. మా వదిన లోపల ఉంటుంది. మందు సీసా లోపల ఉంటుంది. లెక్కలో అంతా బాగుంటుంది.



పెద్దాఫీసరు గారూ, మీరు కాస్త ఆ మైకు అందుకోండి. మా అమ్మాయి ఆ రోజు చేసిన పని నేను మళ్ళీ చేస్తాను. ఈసారి పరీక్ష కాదు, ముందే చెబుతున్నాను. మీకు నేను అప్పజెబుతాను. మీ సహాయకురాలు వెళ్ళి తలుపు కొడుతుంది. లోపలివాళ్ళు తీయరు. అప్పుడు ఆ రోజు సేవ అందినట్టే రాసుకోవాలి. అవునా, కాదా?

(ముఖ్య అతిథి మైకు అందుకుని: "ఆ మాటకు నేను తల ఊపానా అమ్మా?")

ఊపారండి.

(ముఖ్య అతిథి: "నిజం చెప్పాలంటే ఆ రోజు నేనేమీ వినలేదు. కాదు. అది కాదు. ఆ వాక్యం తీసేయండి.")

ధన్యవాదాలు. కూర్చోకండి, ఇంకొకటి ఉంది. తీసేస్తే పత్రంలో అబద్ధం పోతుంది. కానీ ఆ చోటు ఖాళీ అవుతుంది. తలుపు తీయకపోతే ఏం చేయాలి? దానికి బదులు ఏం రాయమంటారు?

(ముఖ్య అతిథి: "మీరు ఫోను అంటున్నారు కదా. మా ఆఫీసు నుంచి అలా ఫోను చేస్తున్నారని నాకు తెలియదు. ఎవరు చేస్తున్నారో కనుక్కోవాలి. ఫోను ఎత్తకపోతే ఏం చేస్తున్నారో అదీ కనుక్కోవాలి. అప్పటిదాకా... సోమవారం వద్దు. ఆపండి.")

డైరెక్టరు గారూ, విన్నారు కదా. రాసుకోండి. యంత్రం కూడా రాసుకుంటుంది లెండి, కానీ మీరూ రాసుకోండి.

(చప్పట్లు)

చప్పట్లు ఆపండి. దయచేసి ఆపండి. ఈ చప్పట్లు నావి కావు. ఆ అమ్మాయి నెల కిందట ఇదే మాట ఇంతకంటే మర్యాదగా చెప్పింది. అప్పుడు ఈ "కాదు" వచ్చి ఉంటే ఎవరికీ చప్పట్లు అక్కర్లేకపోయేవి, గదిలో నలుగురూ టీ తాగి ఇంకో తేదీ రాసుకుని లేచిపోయేవాళ్ళు. రోజూ జరిగేది అదే. మన పని సరిగ్గా జరిగిందనడానికి గుర్తు ఎవరికీ ఏమీ తెలియకపోవడమే.

ఏమంటున్నారు? మైకు దగ్గరగా పెట్టుకోండి.

(ముఖ్య అతిథి: "ఆ అమ్మాయి ఇక్కడుందా? నేను మాట్లాడాలి.")

లేదండి. పోయిన శుక్రవారం రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయింది. డైరెక్టరు గారు ఆపబోయారు, అది నిజం, నేను చూశాను. కాకపోతే మూడో అంతస్తుకు పంపిన మనిషిని మెట్ల దగ్గర ఆపడం కష్టం. ఆమెకు సభ లేదు, పూలగుత్తి లేదు. తన బల్ల తనే తుడుచుకుంది. మొక్క ఒకటి ఉండేది, దాన్ని నా బల్ల మీద పెట్టి, నీళ్ళు ఎక్కువ పోయకండి మామ్మగారూ, మీకు అనుమానం ఎక్కువ, రోజుకు రెండుసార్లు పోస్తారు అని చెప్పి వెళ్ళింది. నిన్న ఫోను చేసి రమ్మన్నాను. "నేను రాను మామ్మగారూ. వస్తే ఏడుస్తాను. నేను ఏడిస్తే, చూశారా, తప్పు చేసింది కాబట్టే ఏడుస్తోంది అంటారు" అంది. అననివ్వనమ్మా అన్నాను. "మీరు రేపటి దాకానే కదండీ అక్కడుండేది" అంది. ప్రశ్నలు నేర్పించి పెంచితే ఇలాగే ఉంటుంది.

కొత్త ఉద్యోగం దొరికిందట. అక్కడ అప్పజెప్పడాలు లేవట. "హాయిగా ఉందా?" అని అడిగాను. "నిశ్శబ్దంగా ఉందండీ" అంది.

ఆమె నంబరు ఇవ్వమంటున్నారు పెద్దాఫీసరు గారు. ఇవ్వనండి. ఆమెను అడక్కుండా ఇవ్వడం కుదరదు. అడుగుతాను. సరేనంటే మీరు చేద్దురుగాని. వద్దంటే, వద్దన్నదని మీకు చెబుతాను, మీరు తల ఊపాలి. ఈసారి విని ఊపాలి. (నవ్వు)

నాకున్న విచారం ఇది, దాచుకోను. ఇన్నేళ్ళూ ఎవరూ "కాదు" అనడానికి భయపడని గది ఒకటి ఈ ఆఫీసులో ఉండేది. అక్కడ అన్నమాటకు ఎవరూ అలగకూడదని నియమం. ఆ నియమాన్ని మాత్రం ఎప్పుడూ ఎవరూ కాగితం మీద పెట్టలేదు. పాత యజమాని గారు ఉన్నంతకాలం అక్కర్లేకపోయింది, తరవాత నేనున్నాను కదా అనుకున్నారు. నేను లేని వారంలో ఒక మంచి పిల్ల నియమాన్ని నమ్మి నోరు తెరిచింది. గది అలిగింది. ఇది ఎవరో ఒకరి తప్పని చూపించడానికి నాకు వేలు రాదు. చూపించినా ఆ అమ్మాయి వెనక్కి రాదు. వాక్యం కొట్టేస్తే పోతుంది. మనిషి విషయంలో ఆ సదుపాయం లేదు.

మీరంతా నాకు గోడగడియారం ఇచ్చారు, చాలా బాగుంది, మా ఆయనకు ఇంక చేతి గడియారం చూసుకునే బాధ తప్పుతుంది. ఈ కార్యక్రమానికి కుర్చీలు వేసినవాళ్ళకు, టీ ఇచ్చినవాళ్ళకు, నా కంటి ఆపరేషనప్పుడు ఇంటికి వచ్చి ఒక్కొక్కరే నవల పేజీలు చదివి వినిపించిన ప్రోగ్రామర్లకు, నేను తిట్టినా టీ తెచ్చిపెట్టినవాళ్ళకు, టీ తెచ్చిపెట్టి తరవాత తిట్టుకున్నవాళ్ళకు కృతజ్ఞతలు. డైరెక్టరు బాబూ, నీకు కోపం వచ్చిందని చెవులు చూస్తే తెలుస్తోంది, ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనూ అంతే, ముందు చెవులు ఎర్రబడేవి. కోపం పోయాక ఒకసారి ఇంటికి రా.

ఇదిగో, కలం. ఇంతసేపూ అడిగిన సంతకం పెడుతున్నాను. ఏం రాశానో చదువుతాను, వినండి. "ఈ పత్రం పూర్తి కాలేదు." కింద నా సంతకం, తేదీ. ఉద్యోగంలో చివరి సంతకం పూర్తయినదాని మీద పెట్టాలని ఆశగా ఉండేది. కుదరలేదు.

రేపు పొద్దున్న నేను మా వదిన ఇంటికి వెళుతున్నాను, కొన్నాళ్ళు అక్కడే ఉంటాను. సహాయకురాలు ఎవరొచ్చినా, ఆ ఇంటి తలుపు నేను తీస్తాను. మిగిలిన ఇళ్ళలో తలుపు ఎవరు తీయాలో, తీయకపోతే ఎవరు పరుగెత్తాలో, అది మీరు కూర్చుని తేల్చుకోవాలి. నాకు పెద్దరికం ఇచ్చి ఇంతసేపు విన్నారు. వస్తాను మరి, సెలవు.